రిజిస్టరు, రాగం, గంట: అమెరికాలోని పాత ఎపిస్కోపల్ చర్చీల చరిత్రను కాపాడటంలో చిక్కులు

అమెరికా ఈశాన్య తీరాన, న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో పోర్ట్స్‌మత్ అనే రేవు పట్టణం ఉంది. అక్కడి సెయింట్ జాన్స్ ఎపిస్కోపల్ చర్చిలో చూడటానికి పెద్ద బీరువాలా కనిపించే ఒక పాత పైప్ ఆర్గన్ ఉంది. బోస్టన్‌కు చెందిన థామస్ బ్రాటిల్ అనే సంపన్నుడు 18వ శతాబ్దపు తొలి ఏళ్లలో దాన్ని లండన్ నుంచి తెప్పించుకుని ఇంట్లో పెట్టుకున్నాడు. 1713లో ఆయన చనిపోయాక వీలునామా తెరిస్తే, ఆ వాద్యాన్ని ముందుగా బ్రాటిల్ వీధిలోని ప్యూరిటన్ సంఘానికి ఇవ్వాలనీ, వారు వద్దంటే ఆంగ్లికన్, అంటే ఇంగ్లండు అధికారిక సంప్రదాయానికి చెందిన చర్చి అయిన కింగ్స్ చాపెల్‌కు చేర్చాలనీ రాసి ఉంది. దేవుని ఆరాధనలో వాద్యానికి చోటు లేదని నమ్మిన ప్యూరిటన్లు మర్యాదగానే తిరస్కరించారు. కింగ్స్ చాపెల్ వారు 1714లో దాన్ని నిలబెట్టి, వాయించడానికి లండన్ నుంచి ఒక వాద్యకారుణ్ణి కూడా రప్పించుకున్నారు. 1756లో వారికి కొత్త ఆర్గన్ వచ్చినప్పుడు పాతది న్యూబరీపోర్ట్‌లోని సెయింట్ పాల్స్ చర్చికి అమ్ముడుపోయింది. అక్కడి నుంచి 1836లో పోర్ట్స్‌మత్ చేరింది.

ఇదంతా ఈనాటికీ తెలుస్తోందంటే కారణం ఆ ఆర్గన్ కాదు. దాని చెక్కమీద ఈ కథేమీ చెక్కి లేదు. ఒక వీలునామా, దాన్ని తిరస్కరించిన సంఘం చేసుకున్న తీర్మానం, స్వీకరించిన చర్చి వెస్ట్రీ (పెద్దల కమిటీ) పుస్తకం, అమ్మకానికీ కొనుగోలుకూ రాసుకున్న లెక్కలు నాలుగైదు చోట్ల విడివిడిగా మిగిలాయి కాబట్టి ఈ ప్రయాణం మనకు దక్కింది. ఆ కాగితాలు పోయి ఉంటే పోర్ట్స్‌మత్‌లోది ఊరూపేరూ లేని పాత పెట్టె అయ్యేది. ఆర్గన్ పోయి కాగితాలే మిగిలి ఉంటే, అంత వివాదం రేపిన ఆ ధ్వని ఎలా ఉండేదో ఎవరూ చెప్పగలిగేవారు కాదు. పాత చర్చీల సంరక్షణ గురించి ఆలోచించేటప్పుడు ఈ జోడింపును గుర్తుంచుకోవాలి. డబ్బూ శ్రద్ధా ముందుగా గోడలకు వెళ్తాయి, తర్వాత రిజిస్టర్లకు, అన్నిటికంటే చివర సంగీతానికి. వాటి మధ్య ఉన్న సంబంధాన్ని కాపాడే పని మాత్రం సాధారణంగా ఎవరి జాబితాలోనూ ఉండదు.

ఎపిస్కోపల్ అనే మాటకు బిషప్పుల పాలనలో ఉన్నది అని అర్థం. ఇంగ్లండు దేశపు అధికారిక చర్చి అమెరికా వలస రాజ్యాలకు వెళ్లి, స్వాతంత్ర్యం వచ్చాక ఇంగ్లండు రాజుకు విధేయత చెప్పలేక విడిపోయి, 1789 నాటికి స్వతంత్ర సంఘంగా ఏర్పడితే అదే ఎపిస్కోపల్ చర్చి అయింది. విచిత్రం ఏమిటంటే, బిషప్పుల పేరు పెట్టుకున్న ఈ సంప్రదాయానికి వలస పాలన సాగినంత కాలం అమెరికాలో ఒక్క బిషప్పూ లేడు. అక్కడి గురువులందరూ సముద్రం దాటి లండన్ బిషప్పుకు ఉత్తరాలు రాసుకునేవారు. ఆ ఉత్తరాలు లండన్‌లోని లాంబెత్ ప్యాలెస్ గ్రంథాలయంలో ఫుల్హామ్ పత్రాలన్న పేరుతో ఉన్నాయి. అంటే అమెరికాలోని పల్లె చర్చి చరిత్రలో సగం ఆ చర్చిలో దొరకదు, ఆ దేశంలోనే దొరకదు.

మిగిలిన సగం దొరికేది వెస్ట్రీ పుస్తకాల్లో. వెస్ట్రీ అంటే చర్చి వ్యవహారాలు చూసే పెద్దల కమిటీ. వర్జీనియాలో 17, 18 శతాబ్దాల్లో ఈ కమిటీ చేసిన పనుల్లో ఆరాధనకు సంబంధించినవి కొన్నే. ప్రతి పారిష్‌లో, అంటే ఒక చర్చి పరిధిలోని ప్రాంతంలో, పన్ను లెక్క కట్టి పొగాకు రూపంలో వసూలు చేయడం, దిక్కులేని ముసలివారికి తిండీ బట్టా సమకూర్చడం, అనాథ పిల్లలను పనివారి దగ్గర కుదర్చడం, నాలుగేళ్లకోసారి పొలాల సరిహద్దుల వెంట నడిపించి ఇరుగుపొరుగుల చేత హద్దులు ఒప్పించడం వరకూ అన్నీ వెస్ట్రీ బాధ్యతలే. గ్రామ కరణం కవిలె, పంచాయతీ రిజిస్టరు, దేవాలయ ధర్మకర్తల లెక్కల పుస్తకం కలిపి ఒకే బౌండులో కుట్టినట్టు ఊహించుకుంటే తెలుగు పాఠకులకు వెస్ట్రీ పుస్తకం స్వరూపం అర్థమవుతుంది. ఆ రాష్ట్రంలో ప్రభుత్వపరంగా జనన మరణాల నమోదు 1853లోగానీ మొదలు కాలేదు. అంతకు ముందు పుట్టినవారి జాడ కోసం వెతికే ఎవరికైనా, వారి మతం ఏదైనా, పారిష్ రిజిస్టరే ముఖ్యమైన దిక్కు.

ఇంత విలువైన పుస్తకాలు ఎన్ని మిగిలాయన్నది రాజకీయాలు తేల్చిన విషయం. 1786లో వర్జీనియా మతస్వేచ్ఛ చట్టం వచ్చి, చర్చి పోషణకు ఎవరినీ బలవంతపెట్టకూడదంది. 1802లో వచ్చిన మరో చట్టం చర్చి మాన్యాలను అమ్మి ఆ సొమ్మును బీదల కోసం వాడమంది. పన్నులూ భూములూ లేని చర్చిలకు గురువులు కరువయ్యారు, గురువులు లేని చర్చిలు మూతబడ్డాయి, ఇటుకలు ఊరి అవసరాలకు పోయాయి. వెస్ట్రీ పుస్తకం మాత్రం చివరి గుమాస్తా ఇంట్లోనో, ఒక భూస్వామి మనవరాలి అటకమీదో ఉండిపోయింది. వర్జీనియా బిషప్ విలియం మీడ్ 1850లలో ఊరూరా తిరిగి, అలా మిగిలినవాటిని చదివి, పాత చర్చిల మీదా వాటి కుటుంబాల మీదా 1857లో రెండు సంపుటాలు ప్రచురించాడు. ఆయన పనిలో తప్పులున్నాయి, వంశాభిమానమూ ఎక్కువే. అయినా ఆయన ఆనాడు చూసి రాసుకున్న పుస్తకాల్లో తర్వాత కనబడకుండా పోయినవి ఉన్నాయి కాబట్టి, వాటి విషయంలో ఆ సంపుటాలే మూలంగా మిగిలాయి.

కాగితం లేని గోడ ఎంత మూగదో చెప్పడానికి అదే వర్జీనియాలో స్మిత్‌ఫీల్డ్ దగ్గరి సెయింట్ లూక్స్ చర్చి చాలు. అది 1632లో కట్టిందని స్థానిక సంప్రదాయం. గోడలోని ఒక ఇటుక మీద కనబడిన అంకెలు ఆ నమ్మకానికి ఊతం. కట్టడపు తీరును పరిశీలించిన తర్వాతి పండితులు మాత్రం అది 1680ల నాటిదన్నారు. ఆ పారిష్‌కు సంబంధించి 18వ శతాబ్దపు వెస్ట్రీ పుస్తకం మిగిలింది, 17వ శతాబ్దానిది మిగలలేదు. ఒక్క పుటలో ‘ఇటుకలవారికి ఇంత పొగాకు ఇవ్వడమైనది’ అని ఒక వాక్యం దొరికి ఉంటే తేలిపోయే విషయం యాభై ఏళ్ల తేడాతో ఇంతకాలం నలిగింది.

మిగిలిన పుస్తకాల్లో ఎవరి పేర్లు ఉన్నాయి, ఎలా ఉన్నాయి అన్నది ఇంకా లోతైన విషయం. 1706లో దక్షిణ కరొలైనాలోని గూస్ క్రీక్ పారిష్‌కు ఫ్రాన్సిస్ లే జో అనే మిషనరీ వచ్చాడు. ఇంగ్లండులో 1701లో పుట్టిన సువార్త వ్యాప్తి సంఘం ఆయన్ను పంపింది. బానిసలకు బాప్తిస్మం ఇస్తే వారు విడుదల కోరుతారని యజమానులు భయపడేవారు. వర్జీనియా శాసనసభ ఆ భయాన్ని పోగొట్టడానికి, బాప్తిస్మం వల్ల బానిస స్థితి మారదని 1667లోనే చట్టం చేసి పెట్టింది. లే జో తన వంతుగా, బాప్తిస్మం కోరే ప్రతి బానిసా సంఘం ఎదుట నిలబడి, ఈ సంస్కారాన్ని యజమాని సేవ నుంచి తప్పించుకోవడానికి అడగడం లేదని, ఆత్మ మేలు కోసమే అడుగుతున్నానని ఒప్పుకుంటేనే ఇస్తానని నియమం పెట్టుకున్నాడు. అదే మనిషి బానిసల మీద జరిగే క్రూరత్వాన్ని ఖండిస్తూ లండన్‌కు ఉత్తరాలు రాశాడు. ఈ రెండూ ఒకే చేతిరాతలో, ఒకే ఉత్తరాల కట్టలో ఉన్నాయి. ఒకదాన్ని ఉంచి మరొకదాన్ని దాచే సంరక్షణ సంరక్షణ కాదు.

వర్జీనియా పూర్వ రాజధాని విలియమ్స్‌బర్గ్‌లోని బ్రూటన్ పారిష్ రిజిస్టరులోనూ బానిసల బాప్తిస్మాలు నమోదై ఉన్నాయి. స్వతంత్రులకు ఇంటిపేరూ తల్లిదండ్రుల పేర్లూ ఉంటే, అలాంటి నమోదుల్లో బానిసకు ఒక్క పేరు, పక్కన యజమాని పేరు ఉంటాయి. పాత రిజిస్టర్లకు సూచికలు తయారుచేసినవారు చాలాకాలం ఇంటిపేర్ల అకారాది క్రమం పెట్టారు. ఇంటిపేరు లేనివారు ఆ క్రమంలో యజమాని కింద జారిపోతారు, లేదా అసలే కనబడరు. ఫొటో తీసి అంతర్జాలంలో పెట్టినంత మాత్రాన ఈ లోపం పోదు, ఎందుకంటే వెతికేవారికి దొరికేది సూచికలో ఉన్నదే. ఒక్కో పేరునూ విడిగా ఎత్తి రాసి, తల్లి పేరు ఉంటే తల్లితో, తోబుట్టువుంటే తోబుట్టువుతో కలిపే పని నెలల తరబడి కూర్చుని చేయవలసినది. ఆ పని పూర్తయిన చోట, పూర్వీకుల ఆచూకీ దొరకదని ఆశ వదులుకున్న కుటుంబాలకు ఒక తేదీ, ఒక పేరు దొరుకుతున్నాయి. చర్చి కోసం చేసే పనుల్లో ఇంతకంటే పుణ్యమైనది మరొకటి కనబడదు.

2006లో ఎపిస్కోపల్ చర్చి సర్వసభ్య మహాసభ, బానిసత్వంతో తమకున్న సంబంధాన్ని ప్రతి డయోసిస్ (ఒక బిషప్పు పరిధిలోని చర్చిల సముదాయం) తన దస్తావేజుల నుంచే వెలికి తీయాలని తీర్మానించింది. 2008 అక్టోబరులో పశ్చాత్తాప ఆరాధన జరిగిన చోటు ఫిలడెల్ఫియాలోని సెయింట్ థామస్ ఆఫ్రికన్ ఎపిస్కోపల్ చర్చి. పుట్టుకతో బానిస అయి, తర్వాత స్వేచ్ఛ పొందిన అబ్సలోమ్ జోన్స్ 1790లలో నిలబెట్టిన సంఘం అది. ఎపిస్కోపల్ చర్చిలో అభిషేకం పొందిన తొలి నల్లజాతి గురువు ఆయనే. న్యూయార్క్ హార్లెమ్‌లోని సెయింట్ ఫిలిప్స్ చర్చి రికార్డులు షామ్‌బర్గ్ పరిశోధన కేంద్రంలో ఉన్నాయి. నల్లజాతి సంఘాల విషయంలో వెస్ట్రీ పుస్తకానికి ఇంకో బరువు కూడా ఉంది. ఓటు హక్కు లేనివారు తమ ఎన్నికలు తాము జరుపుకుని, తమ ఆస్తిని తాము చూసుకుని, తమ తీర్మానాలు తామే రాసుకున్న స్థలం అది.

లే జోను పంపిన ఆ సువార్త వ్యాప్తి సంఘమే తర్వాతి కాలంలో కర్నూలు, కడప, నంద్యాల ప్రాంతాలకూ మిషనరీలను పంపింది. ఆ సంఘం దస్తావేజులు ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉన్నాయి. గూస్ క్రీక్ నుంచి వెళ్లిన ఉత్తరాలూ, రాయలసీమ నుంచి వెళ్లిన నివేదికలూ ఒకే భాండాగారంలో ఉన్నాయన్నమాట. ఆంగ్లికన్ సంప్రదాయంలో తొలి భారతీయ బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1912లో దోర్నకల్‌కు అభిషేకం పొందాడు. ఆయన కాలంలోనే, 1939లో దోర్నకల్ కెథడ్రల్ ప్రతిష్ఠ జరిగింది. 1947లో దక్షిణాదిన ఆ సంప్రదాయం చాలావరకు దక్షిణ ఇండియా సంఘంలో, అంటే సీఎస్ఐలో కలిసింది. తెలుగు పల్లెల్లోని సీఎస్ఐ చర్చిల బాప్తిస్మపు రిజిస్టర్లలోని గళ్లు అమెరికా రిజిస్టర్ల గళ్లను పోలి ఉంటే ఆశ్చర్యం లేదు, రెండింటి వెనకా ఉన్నది ఒకే ప్రార్థనా పుస్తకం.

ఇక కాగితం సంగతి. మాచికాయల కషాయంలో అన్నభేది కలిపి చేసిన సిరాతోనే ఆనాటి రిజిస్టర్లన్నీ రాశారు. అన్నభేది పాలు ఎక్కువైతే ఏళ్లు గడిచేకొద్దీ అక్షరం కాగితాన్ని తినేస్తుంది, చివరికి అక్షరం ఉన్నచోట చిల్లు మిగులుతుంది. అయినా గుడ్డపీలికల నుంచి తీసిన 18వ శతాబ్దపు కాగితం చాలాచోట్ల ఇప్పటికీ గట్టిగానే ఉంది. 19వ శతాబ్దం రెండో సగంలో కలప గుజ్జుతో చౌకగా తయారైన కాగితం ఆమ్లం వల్ల పసుపుబారి, ముట్టుకుంటే విరిగిపోతోంది. అందువల్ల 1750 నాటి రిజిస్టరు కంటే 1890 నాటిదాని పరిస్థితే ప్రమాదకరంగా ఉండటం మామూలు. పాతదాన్ని అద్దాల పెట్టెలో పెట్టి, కొత్తదాన్ని నేలమాళిగలో నీటి గొట్టాల పక్కన వదిలేసే అలవాటు ఇందుకే తప్పు.

చికిత్సే రోగమైన సందర్భాలూ ఉన్నాయి. 1930లలో విలియం బారో అనే వర్జీనియా నిపుణుడు, శిథిలమైన పుటలను సెల్యులోజ్ అసిటేట్ అనే పలుచని ప్లాస్టిక్ పొరల మధ్య పెట్టి వేడితో అతికించే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. పుటలోని ఆమ్లాన్ని ముందుగా తొలగించాలని గుర్తించడం ఆయన చేసిన గొప్ప మేలు. కానీ ఆ పొర కూడా కాలక్రమంలో చెడిపోయేదేనని తర్వాత తేలింది. ఇప్పుడు సంరక్షకులు ద్రావకాలతో, ఎంతో ఖర్చుతో ఆ పొరలను ఒలవవలసి వస్తోంది. మళ్లీ విప్పడానికి వీలులేని మరమ్మతు చేయకూడదన్న నియమం సంరక్షకులకు ఇలాంటి అనుభవాల నుంచే బలపడింది.

రికార్డుల విషయంలో ఎపిస్కోపల్ చర్చికి ఒక మంచి సౌకర్యం ఉంది. బాప్తిస్మాలు, కన్ఫర్మేషన్లు, వివాహాలు, సమాధి కార్యక్రమాలు గురువు తప్పనిసరిగా రిజిస్టరులో రాయాలని చర్చి చట్టమే చెబుతుంది. సంఘ చరిత్రను భద్రపరిచే చారిత్రక సంఘం 1910లో ఫిలడెల్ఫియాలో మొదలైంది. దాని సంపద 1950లలో టెక్సస్‌లోని ఆస్టిన్‌కు వెళ్లి జాతీయ ఆర్కైవ్స్‌కు పునాది అయింది. 1930ల ఆర్థిక మాంద్యంలో నిరుద్యోగులైన చదువుకున్నవారికి ప్రభుత్వం ఇచ్చిన పనుల్లో చర్చి దస్తావేజుల జాబితా తయారీ కూడా ఒకటి. వారు చర్చి చర్చికీ వెళ్లి, ఏ పుస్తకం ఏ అలమారాలో ఉందో, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు ఉందో రాసిన జాబితాలు డయోసిస్‌ల వారీగా అచ్చయ్యాయి. ఇప్పుడు ఒక పుస్తకం కనబడకపోతే, ఆనాడు అది ఉండేదని చెప్పే సాక్ష్యం ఆ జాబితాయే. కడుపు నింపుకోవడానికి చేసిన ఆ పనిలో ఎంత జాగ్రత్త ఉందో చూస్తే గౌరవం కలుగుతుంది.

సంగీతానికి అలాంటి చట్టమేదీ లేదు. ఏ ఆదివారం ఎవరు ప్రసంగించారో, ఎందరు ప్రభు భోజనం తీసుకున్నారో రాసే పుస్తకం ఉంది. ఏ పాట ఏ స్వరంలో పాడారో రాయాలన్న నిబంధన లేదు. కాబట్టి చర్చి సంగీతం మిగలడం చాలావరకు ఒకరిద్దరి అలవాటు మీద ఆధారపడింది. దక్షిణ కరొలైనాలోని చార్ల్‌స్టన్ నగరంలో సెయింట్ మైకేల్స్ చర్చి వాద్యకారుడు జేకబ్ ఎకార్డ్ 1809లో తన వాడుక కోసం ఒక చేతిరాత పుస్తకం తయారు చేసుకున్నాడు. ఆ ఊళ్లో ఆ రోజుల్లో నిజంగా పాడిన స్వరాలు అందులో ఉన్నాయి. అచ్చు పాటల పుస్తకం పాడదగినవాటిని చెబుతుంది, పాడినవాటిని చెప్పదు. ఆ తేడా తెలిపేది ఇలాంటి సొంత పుస్తకాలూ, గాయకులు పెన్సిలుతో గుర్తులు పెట్టుకున్న ప్రతులూ మాత్రమే. ఎపిస్కోపల్ చర్చి తన పాటల పుస్తకాన్ని 1892లో, 1916లో, 1940లో, 1982లో సవరించింది. సవరణ వచ్చిన ప్రతిసారీ బీరువాల్లోని పాత ప్రతులు కట్టలు కట్టలుగా బయటికి పోతాయి. శుభ్రమైన ప్రతి ఎక్కడైనా దొరుకుతుంది. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఏ చరణం వదిలేయాలో, ఏ పండుగకు వేగం తగ్గించాలో గీసుకున్న మాసిన ప్రతి మరి దొరకదు. భద్రపరచవలసింది మాసినదాన్నే.

తెలుగు క్రైస్తవులకు ఈ సమస్య కొత్తది కాదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట మీద రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. శంకరాభరణం, ఆది తాళం అని రాసి ఉన్న పాటను పక్కపక్క ఊళ్లలో రెండు బాణీల్లో పాడటం విన్నవారికి, అచ్చుకూ గొంతుకూ మధ్య ఎంత దూరముందో వేరే చెప్పనక్కర్లేదు.

తర్వాతెప్పుడో రాసిన ఒక్క ఉత్తరం కూడా ఎంతటి మూలం కాగలదో ఫిలడెల్ఫియాలోని హోలీ ట్రినిటీ చర్చి కథ చెబుతుంది. 1868 క్రిస్మస్ కోసం అక్కడి రెక్టరు (ప్రధాన గురువు) ఫిలిప్స్ బ్రూక్స్ బేత్లెహేము మీద ‘ఓ లిటిల్ టౌన్ ఆఫ్ బెత్లెహెమ్’ అనే పాట రాసి, స్వరపరచమని చర్చి ఆర్గన్ వాద్యకారుడు లూయిస్ రెడ్నర్‌కు ఇచ్చాడు. శనివారం రాత్రి దాకా బాణీ కుదరలేదు. నిద్రలో మెలకువ వచ్చి రాసుకున్న స్వరాన్ని మర్నాడు, డిసెంబరు 27న సండేస్కూల్ పిల్లలు పాడారు. ఆ క్రిస్మస్ దాటాక అది బతుకుతుందని తామిద్దరూ అనుకోలేదని రెడ్నర్ తర్వాత ఉత్తరంలో రాశాడు. ఇప్పుడు లోకమంతా పాడే ఆ పాట పుట్టుక మనకు తెలిసింది ఆయన దాన్ని ఉత్తరంలో చెప్పాడు కాబట్టి. చెప్పని వాద్యకారుల సంగతి ఏమైందో ఊహించవచ్చు.

గొంతు సంగతి ఇంకా కష్టం. న్యూయార్క్‌లోని సెయింట్ జార్జ్స్ ఎపిస్కోపల్ చర్చిలో 1894లో హ్యారీ టి. బర్లీ అనే నల్లజాతి గాయకుణ్ణి ఏకగాయకుడిగా తీసుకున్నారు. సంపన్నులైన తెల్లవారి సంఘం అది, అభ్యంతరాలు వచ్చాయి, అయినా ఆయన 1946 దాకా, 52 ఏళ్లు అక్కడే పాడాడు. బానిసగా బతికిన తాత నోట విన్న పాటలను ఆయన సంగీత విద్యార్థిగా ఉన్నప్పుడు స్వరకర్త డ్వోర్జాక్‌కు పాడి వినిపించాడు, తర్వాత వాటిని గానసభలకు తగినట్టు అచ్చులోకి తెచ్చాడు. చర్చి సంగీత చరిత్రలో అంత పెద్ద స్థానం ఉన్న ఆ గొంతు విందామంటే, తెలిసినంతలో 1919 నాటి ఒక గ్రామఫోను రికార్డు తప్ప మరో ఆధారం లేదు. ఆదివారం ఆరాధనల కార్యక్రమ పత్రాలు, గాయక బృందపు జాబితాలు, జీతాల లెక్కలు కలిపి చూస్తేనే ఆయన చేసిన పని వైశాల్యం తెలుస్తుంది. ఆయన అచ్చువేసిన స్వరాలు గ్రంథాలయాల్లో క్షేమంగానే ఉన్నాయి. మట్టల ఆదివారం నాడు ఆ చర్చిలో ఆయన ఎలా పాడేవాడన్నది విన్నవారితోనే వెళ్లిపోయింది.

గంటలకు గొంతుల కంటే ఆయుష్షు ఎక్కువ. బోస్టన్‌లో 1723లో కట్టిన ఓల్డ్ నార్త్ చర్చిలో ఎనిమిది గంటల వరుస ఉంది. ఇంగ్లండులోని గ్లాస్టర్‌లో ఏబెల్ రడ్‌హాల్ 1744లో వాటిని పోతపోశాడు. ఉత్తర అమెరికాలో బ్రిటిష్ సామ్రాజ్యం కోసం పోసిన తొలి గంటల వరుస తామేనని ఒక గంట మీదే రాసి ఉంది. వాటిని ఒక్కో మనిషి ఒక్కో తాడు పట్టుకుని, ప్రతి ఆవృత్తిలోనూ క్రమం మారుస్తూ మోగిస్తారు. రాగం ఉండదు, క్రమాల లెక్క ఉంటుంది. 1750 ప్రాంతంలో ఆ ఊరి కుర్రాళ్లు కొందరు, వారానికో సాయంత్రం రెండు గంటల సేపు ఆ గంటలు మోగిస్తామనీ, మూడు నెలలకోసారి నాయకుణ్ణి ఎన్నుకుంటామనీ, అందరూ ఒప్పుకోనిదే కొత్తవారిని చేర్చుకోమనీ, ఎవరినీ డబ్బు అడుక్కోమనీ రాసుకున్న ఒప్పందం మిగిలింది. సంతకాల్లో పాల్ రివియర్ పేరు ఉంది. పాతికేళ్ల తర్వాత, 1775 ఏప్రిల్‌లో, స్వాతంత్ర్య యుద్ధం మొదలయ్యే వేళ, బ్రిటిష్ సేన కదలికను తెలపడానికి అదే గోపురంలో లాంతర్లు వెలిగించే ఏర్పాటు చేసింది అతనే. గోపురం మెట్లు అతనికి ఎందుకంత బాగా తెలుసో ఆ ఒప్పందం లేకపోతే అర్థం కాదు. ఇప్పుడు అక్కడి ఎంఐటీ విశ్వవిద్యాలయపు గంటల బృందం ఆ తాళ్లు పట్టుకుంటోంది. లోహం, కాగితం, నేర్చుకున్న చేతులు మూడూ ఒకే చోట మిగిలిన అరుదైన సందర్భం ఇది.

చార్ల్‌స్టన్ సెయింట్ మైకేల్స్ గంటలకు అంత అదృష్టం లేదు. 1764లో లండన్‌లో పోసిన వాటిని స్వాతంత్ర్య యుద్ధం చివర బ్రిటిష్ సేన 1782లో పట్టుకుపోయింది. తిరిగి వచ్చాక అంతర్యుద్ధంలో భద్రత కోసం అదే రాష్ట్రంలోని కొలంబియా నగరానికి పంపితే, 1865లో ఆ నగరం తగలబడినప్పుడు అవీ నాశనమయ్యాయి. ఆ ముక్కలను మళ్లీ లండన్‌లోని పాత పోత కర్మాగారానికే పంపి పోయించారు. ఇప్పుడు మోగేవి పాత గంటలా, కొత్త గంటలా? పాత అచ్చు కొలతలు కర్మాగారం దగ్గర ఉండబట్టే ఈ ప్రశ్నకు పాతవేనని చెప్పగలిగే అవకాశం మిగిలింది.

ఆర్గన్ విషయంలో అదే ప్రశ్న మరింత పదునెక్కుతుంది. సీసం, తగరం కలిపిన గొట్టాలు శతాబ్దాలు ఉంటాయి. గాలి నింపే తిత్తుల తోలు మాత్రం కొన్ని దశాబ్దాలకే చిట్లుతుంది. తోలు మార్చడం తప్పదు, కానీ మార్చేవారు అక్కడితో ఆగరు. గాలి ఒత్తిడి పెంచుతారు, శ్రుతి మారుస్తారు, పాతబడిందనిపించిన గొట్టాల వరుస తీసి కొత్త అభిరుచికి తగినది పెడతారు. 20వ శతాబ్దం నడుమ, 18వ శతాబ్దపు జర్మన్ స్వరకర్త బాఖ్ కాలపు ధ్వనే అసలైనదన్న ఉద్యమం వచ్చి, గంభీరంగా మోగే 19వ శతాబ్దపు ఆర్గన్‌లను ఎన్నిటినో మార్చేసింది, కొన్నిటిని చెత్తలో వేసింది. ఆనాడు తీసేసినవాటి కోసం ఈనాడు వెతుకుతున్నారు. 1956లో ఏర్పడిన ఆర్గన్ చారిత్రక సంఘం ఏ చర్చిలో ఏ వాద్యం ఉండేదో నమోదు చేస్తూ ఉండటం వల్లే పోయినవాటి లెక్కైనా దొరుకుతోంది. అప్పటి అభిరుచి తప్పని ఇప్పుడు తీర్పు చెప్పడం సులువు, ఇప్పటి అభిరుచీ అలాంటిదే కావచ్చు. అందుకే మరమ్మతు చేసినవారు ఏ గొట్టం తీశారో, ఏది కోశారో, ముందు కొలత ఎంత ఉండేదో రాసి ఆర్గన్ లోపలే ఒక ప్రతి ఉంచడం పాత ధ్వనికి మిగిలే ఒకే ఒక దారి.

సంఘాలు చిన్నవై చర్చిలు మూతబడటం ఇప్పుడు అమెరికాలో తరచూ జరిగే పని. మూసే రోజున ఏది ఎక్కడికి వెళ్లాలో కొంతవరకు తేలే ఉంటుంది. రిజిస్టర్లు డయోసిస్ ఆర్కైవ్స్‌కు వెళ్తాయి. వెండి పాత్రలకు ఎవరో ఒకరు బాధ్యులుంటారు. ఆర్గన్ కొనుక్కునేవారు దొరికితే మరో రాష్ట్రానికి, కొన్నిసార్లు మరో సంఘానికి వెళ్తుంది. గాయకుల గదిలోని బీరువా మాత్రం చివరి రోజు దాకా ఎవరికీ గుర్తురాదు, చర్చి భవనం కొన్నవారు వచ్చి ఖాళీ చేయిస్తారు. బ్రాటిల్ ఆర్గన్ మొదటి కాగితాలు పోర్ట్స్‌మత్‌లో లేవు. వాద్యాన్ని స్వీకరించిన కింగ్స్ చాపెల్ 1780లలో ఆంగ్లికన్ ప్రార్థనా క్రమాన్ని మార్చుకుని, త్రిత్వాన్ని ఒప్పుకోని యూనిటేరియన్ సంఘం అయింది. దాని పాత రికార్డులు మసాచుసెట్స్ హిస్టారికల్ సొసైటీలో ఉన్నాయి. పరిశోధకులు అవీ ఇవీ కలుపుకోగలిగారు గానీ, ప్రతి వాద్యానికీ అంత ఓపికైన పరిశోధకుడు దొరకడు. ఈ రోజు ఒక ఆర్గన్‌ను అమ్మే వెస్ట్రీ చేయగలిగిన పని ఒకటుంది. దాన్ని కొన్ననాటి తీర్మానం, మరమ్మతుల రసీదులు, వాయించినవారి పేర్లు, దానితో పాడిన పాటల పత్రాలు ఒక సంచిలో పెట్టి, ఒక ప్రతి డయోసిస్‌కు, ఒక ప్రతి గొట్టాలతో పాటు లారీలో పంపించాలి.